తొమ్మిదో వరుస

మే పదమూడో తారీకు, మంగళవారం. ఆ మధ్యాహ్నం తిన్నదేమిటో ఉమైమాకి ఇప్పటికీ గుర్తే. ఉల్లిపాయలు, ఎండుమిరప, కాస్త గొర్రె కొవ్వు లోపల పెట్టి పెనం మీద కాల్చిన దళసరి రొట్టె. దలీలా ఇంటి నుంచి గుడ్డలో చుట్టి తెచ్చింది. ముగ్గురూ ఎనిమిదో వరుస నీడలో, నీళ్ళ కాలవ గట్టు మీద కూర్చుని తిన్నారు. ఉమైమా ఒక చేత్తో రొట్టె పట్టుకుని రెండో చేత్తో అంకెలు కూడుతూనే ఉంది. రిజిస్టరులో ఆ రోజు పేజీకి నూనె మరక పడింది అందుకే.

"తినేటప్పుడైనా ఆ పుస్తకం పక్కన పెట్టొచ్చుగా," అంది దలీలా. ఆవిడ ఖర్జూరపు పరిశోధన కేంద్రంలో రికార్డుల గది చూసుకుంటుంది. లెక్కింపు రోజుల్లో మాత్రం చెవికి పెన్సిలు దోపుకుని తోటలోకి వస్తుంది. "అంకెలు ఎక్కడికీ పారిపోవు."

"పారిపోతాయక్కా. నిన్న ఏడో వరుసవి రెండు పాయలు చీమలు లాక్కుపోయాయి."

"చీమలు కూడా డాక్టరేటుకి కట్టాయేమో," అన్నాడు బెల్గాసెమ్.

బెల్గాసెమ్ చెట్లెక్కే మనిషి. అరవైకి రెండేళ్ళు తక్కువ. ఇరవై ఆరేళ్ళుగా ఆ కేంద్రంలోని ఖర్జూరపు చెట్లన్నీ ఎక్కి దిగుతున్నాడు. తాడు కట్టుకోడు. కోసేసిన మట్టల మొదళ్ళ మీద బోసికాళ్ళు ఆనిస్తూ, కొడవలి నడుముకి వెనక దోపుకుని, ఇంటి మెట్లెక్కినట్టు ఎక్కుతాడు.

మార్చిలో చెట్లకి పుప్పొడి పట్టించారు. ఖర్జూరంలో పోతు చెట్టు వేరు, పెంటి చెట్టు వేరు. మనిషి ఎక్కి, పోతు పువ్వు పాయలు, అంటే పువ్వులు పట్టిన సన్నటి రెమ్మలు, నాలుగైదు పెంటి గెల మధ్యలో పెట్టి కడితేనే కాయ నిలుస్తుంది. ఆ ఎక్కే పని తప్పించడానికి డాక్టర్ మొన్సెఫ్ ఒక పంపు తయారుచేశాడు. పొడుగాటి గొట్టం, నేల మీద నుంచే పుప్పొడి ఊదుతుంది. పనివాళ్ళు దానికి ఏనుగు అని పేరు పెట్టారు. పరీక్షలో మూడు రకాల చెట్లు: ఏనుగు ఊదినవి, బెల్గాసెమ్ చేత్తో కట్టినవి, ఇక పుప్పొడి అసలు తగలకుండా గెలలకి కాగితపు సంచులు తొడిగినవి. ఈ చివరివి పోలిక కోసం. గోడ పక్కన తొమ్మిదో వరుసలో నాలుగు చెట్లు. గురువారం పదింటికి రాజధాని నుంచి ముగ్గురు అతిథులు వస్తారు. వాళ్ళు సరేనంటే వచ్చే వసంతానికి ఈ జరీద్ ప్రాంతపు తోటలన్నిటిలోనూ ఏనుగులే.

ఈ లెక్కలతోనే ఉమైమా డాక్టరేటు పూర్తి కావాలి. నెలాఖరులోగా ఆమె సిద్ధాంత గ్రంథం అనుమతి కాగితం మీద డాక్టర్ మొన్సెఫ్ సంతకం పడాలి. కానీ తోటలో ఉన్నప్పుడు ఆమెకి కాగితం గుర్తుండదు. గెలకి పది పాయలు కోయాలి. ఒక్కో పాయనీ వేళ్ళ మధ్య తిప్పుతూ, నిలిచిన కాయలెన్నో, రాలిపోయిన చోట మచ్చలెన్నో చూడాలి. కాయలు శనగగింజంతే ఉంటాయి. నాలుగో చెట్టుకి వచ్చేసరికి బొటనవేలు దానంతటదే లెక్కపెడుతుంది. పేజీ కింద మొత్తం వేసి, వందకి ఎన్ని నిలిచాయో తేల్చే ఆ ఒక్క నిమిషం కోసం పొద్దుటి నుంచి ఎండలో నిలబడినా ఆమెకి నష్టమనిపించదు.

"చేత్తో కట్టినవి డెబ్భై రెండు," అంది తల ఎత్తి. "ఏనుగువి నలభై ఏడు."

"తిండి ఎక్కువ, పని తక్కువ," అన్నాడు బెల్గాసెమ్. "మా అల్లుడి పోలికే."

"మీ అల్లుడు కనీసం మాట్లాడతాడు," అంది దలీలా.

"అదే కదమ్మా బాధ."

ఉమైమా నవ్వుతూ లేచి బట్టలు దులుపుకుంది. "పదండి. తొమ్మిదో వరుస ఒక్కటే మిగిలింది."

బెల్గాసెమ్ రొట్టె చివరి ముక్క నమలడం ఆపాడు. "అది రేపు చూద్దాంలే తల్లీ. ఎండ చూడు, కొడవలి పిడి పట్టుకోనివ్వట్లేదు."

"నాలుగు చెట్లేగా బాబాయ్! అన్నీ గొడ్డుకాయలే. అరగంటలో అయిపోతుంది."

అతను కాలవలో కాళ్ళు కడుక్కున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా కడిగాడు. తర్వాత చెట్టు మొదట్లో నిలబడి, బిస్మిల్లా అని, మామూలుకంటే నెమ్మదిగా ఎక్కాడు.

పుప్పొడి తగలని పువ్వు పాడైపోదు. దానికీ కాయలొస్తాయి, కానీ మూడేసి ఒకేచోట అతుక్కుని, గింజ లేకుండా, చప్పగా ఉంటాయి. ఉమైమా వాటి కోసమే చూస్తోంది. బుట్టలో దిగివచ్చిన మొదటి పది పాయలు చేతిలోకి తీసుకుని తిప్పింది. బొటనవేలు ఆగింది. మళ్ళీ తిప్పింది.

కాయలు విడివిడిగా, గుండ్రంగా, ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. ఒక్కో చోట ఒక్కటే.

"అక్కా, ఇది ఏ వరుస?"

"తొమ్మిది. గోడ ఎదురుగానే ఉంది, కనపడట్లా?"

ఉమైమాకి ఒక్క క్షణం చాలా పెద్ద ఆలోచనే వచ్చింది. పుప్పొడి లేకుండా కాసిన చెట్టు! గోరుతో ఒక కాయని చీల్చింది. మధ్యలో తెల్లగా, మెత్తగా గింజ రూపు కడుతోంది. గింజ ఉందంటే పుప్పొడి తగిలిందన్నమాటే. పెద్ద ఆలోచన పోయింది, దాని చోట ఇంకా తమాషా అయినది వచ్చి కూర్చుంది. ఆమె అల్యూమినియం నిచ్చెన తనే ఈడ్చుకొచ్చి రెండో చెట్టుకి ఆనించి, చకచకా ఎక్కింది. సంచి చిరగలేదు. మూతి దగ్గర చూసింది. కేంద్రంలో సంచులు ఇనప తీగతో కడతారు. ఇక్కడ తీగ లేదు. చీల్చిన ఖర్జూరపాకు మెలిపెట్టి, రెండు చుట్లు చుట్టి, కొస లోపలికి దోపిన ముడి ఉంది.

మూడో చెట్టు, అదే ముడి. నాలుగోది, అదే.

మొదటి చెట్టు తల మీద బెల్గాసెమ్ గోడ అవతల తెల్లగా పరుచుకున్న ఉప్పు నేలని చూస్తూ కూర్చున్నాడు. ఆమె వైపు చూడలేదు.

పొద్దు వాలేదాకా నాలుగు చెట్లవీ లెక్కపెట్టారు. రెండుసార్లు పెట్టారు. దలీలా మూడోసారి కూడింది. వందకి అరవై ఆరు.

*

"అరవై ఆరా?" డాక్టర్ మొన్సెఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే నా పంపు కంటే ఊరికే నిలబడ్డ చెట్టే నయమన్నమాట."

బుధవారం పొద్దున ఎనిమిదైంది. ఆయన బల్ల మీద రెండు కాఫీ గ్లాసులు, గురువారం చూపించాల్సిన పటం ఉన్నాయి. పటంలో మూడు స్తంభాలు. రెండింటికి రంగు వేశారు. మూడోది ఖాళీ.

"ఊరికే నిలబడలేదండీ. కాయలో గింజ ఉంది. ఎవరో సంచి విప్పి పుప్పొడి పెట్టి మళ్ళీ కట్టారు. ఎప్పుడు, ఎంత పెట్టారో కనుక్కుంటే..." ఉమైమా కుర్చీ అంచుకి జరిగింది. రాత్రి సరిగ్గా నిద్రపోలేదు, అయినా కళ్ళు మెరుస్తున్నాయి.

"కనుక్కోవద్దు."

ఆయన గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచడు. పోయినేడు జూలైలో ఉమైమా ఈ కేంద్రానికి వచ్చినప్పుడు, ఆమె గదికి తన గదిలోని ఫ్యాను విప్పించి పంపిన మనిషి. ఇప్పుడు కూడా కాఫీ గ్లాసు ఆమె వైపు జరిపి, చక్కెర వేశానని గుర్తుచేశాడు.

"చూడమ్మా. తొమ్మిదో వరుసకి పోయినేడు వందకి నాలుగు. దానికి ముందు మూడు. అంతకు ముందు నాలుగు, మొదటి ఏడాది మూడు. ఇవన్నీ అచ్చయ్యాయి. ఈ ఏడు కూడా ఆ వరుస అసలు లెక్క నాలుగే. ఎవడో చెయ్యి పెట్టాడు కాబట్టి కనపడటం లేదు. కనపడనిదాన్ని మనం కనపడేలా రాస్తున్నాం. ఇందులో అబద్ధమేముంది? గోడ గడియారం ఆగిపోయి పన్నెండు చూపిస్తుంటే, నువ్వు పొద్దున్నే భోజనానికి లేస్తావా?"

"లేవనండీ. కానీ గడియారం ఆగిపోయిందని చెబుతాను."

ఆయన ట్రేలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచి, దాని మీద అరచెయ్యి ఆనించాడు. డాక్టరేటు కాగితం. సంతకం చోటు ఆయన చూపుడువేలి కింద ఉంది.

"ఆ చెట్లెక్కేది ఒక్కడే. అరవై ఆరు రిజిస్టరులోకి ఎక్కితే, ఎందుకు వచ్చిందో నేను పైవాళ్ళకి రాయాలి. పరీక్ష చెడగొట్టాడని రాయాలి. రెండేళ్ళలో పింఛను తీసుకోవాల్సిన మనిషి. నువ్వు బాబాయ్ అని పిలుస్తావు కూడా." ఆయన మాటల్లో నిజంగానే బాధ ఉంది. "నాలుగు అని రాస్తే ఎవరికీ ఏమీ కాదు. నీ పని అవుతుంది, నా పని అవుతుంది, ముసలాడు చల్లగా ఇంటికి పోతాడు. రేపు పొద్దున అతిథులు రాకముందు నాకు పేజీ కావాలి."

ఉమైమా లేచింది. రిజిస్టరు గుండెలకి ఆనించి పట్టుకుంది.

"ముందు పెన్సిలుతో రాయి," అన్నాడు ఆయన, మెత్తగా. "అలవాటవుతుంది."

*

వరండాలోకి వచ్చేసరికి ఆమె చెవులు వేడెక్కి ఉన్నాయి. నాలుగు. ఒక్క అంకె. పెన్సిలు మొన రెండుసార్లు కదిలితే చాలు. అడుగు తీసి అడుగు వేస్తూ ఎటు పోతోందో చూసుకోలేదు. కాళ్ళు మాత్రం తొమ్మిదో వరుసకే తీసుకెళ్ళాయి.

బెల్గాసెమ్ గోడ నీడలో కొడవలికి పదును పెడుతున్నాడు. తెచ్చుకున్న కుండలోంచి, పొద్దున్నే దించిన తియ్యటి ఖర్జూరపు నీరా ఒక గ్లాసు వంపి ఆమెకి ఇచ్చాడు.

"తాగు ముందు. మొహం చూడు ఎట్టా ఉందో. డాక్టర్ గారు తిట్టారా?"

"తిట్టలేదు. తిడితే బాగుండేది." ఆమె ఒక్క గుక్కలో తాగేసింది. "బాబాయ్, ఆ ముడి నీదే."

"నాదే."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. అతను కొడవలి పక్కన పెట్టాడు.

"ఇంటికి పోతూ ఎక్కాను. సంచులు తొడిగిన మూడో రోజు, సాయంకాలం. ఆ గోడ పక్క నాలుగింటినీ చూస్తే ప్రాణం ఒప్పలేదు తల్లీ. పెళ్ళి ఊరేగింపు వీధంతా తిరిగి, ప్రతి వాకిట్లో ఆగి, ఒక్క ఇంటి ముందు మాత్రం ఆగకుండా పోతే ఎట్టా ఉంటది? ఆ ఇంట్లో ఆడపిల్ల కిటికీలోంచి చూస్తూనే ఉంటది కదా. ఊరికే వదిలేస్తే దాని ఉసురు నాకు తగులుతుంది. ఎక్కేవాణ్ణి నేను, డాక్టర్ గారు కాదు."

"ఎన్ని పాయలు పెట్టావు?"

"ఒక్కటి."

"గెలకి ఒక్కటా? మామూలుగా నాలుగైదు పెడతావుగా!"

"పోతు పువ్వులు అప్పటికే అయిపోయాయి. జేబులో మిగిలినవి అవే. గెలకొక్కటి పెట్టి, సంచి మూతి మళ్ళీ కట్టేశాను. గాలి కొట్టకుండా లోపలే ఉండిపోయింది."

ఉమైమా కింద కూచుండిపోయింది. ఒక్క పాయ! చేత్తో నాలుగైదు పెట్టినవాటికి డెబ్భై రెండు. సంచిలో మూసిన ఒక్క పాయకి అరవై ఆరు. ఈ తోటల్లో పోతు పువ్వు దొరక్క ప్రతి మార్చిలోనూ జనం ఊళ్ళు తిరుగుతారు. ఆమె నేల మీద వేలితో అంకెలు రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది.

"బాబాయ్, నువ్వేం చేశావో నీకు తెలుసా? ఇది... ఇది పెద్ద సంగతి! ఒక్క ఏడు చూసి చెప్పలేం గానీ, ఇంకొక్క ఏడు ఇలాగే వస్తే..."

"ఒక్క ఏడేంది," అన్నాడు బెల్గాసెమ్. "ప్రతేడూ అంతేగా."

వేలు ఇసకలో ఆగిపోయింది.

"ప్రతి ఏడూనా?"

"సంచులు మొదలైనప్పటి నుంచి. దీంతో ఐదు వసంతాలు."

"ఐదేళ్ళూ కాశాయా ఈ చెట్లు?"

"కాయక? దేవుడి దయ, బంగారంలాంటి కాయ. నవంబరులో నేనే కోస్తాను. డాక్టర్ గారింటికి ఏటా పోయే రెండు పెట్టెలూ ఈ వరుసవే. మంచివి చూసి పంపమంటారు. ఏ వరుసవని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు."

ఉమైమాకి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. మూడు, నాలుగు, మూడు, నాలుగు. అచ్చులో చక్కగా కూర్చున్న ఆ అంకెలు చెట్టు మీద ఎక్కడా లేవు.

"మే నెలలో లెక్కపెట్టడానికి ఎవరూ ఎక్కలేదా?"

"ఎవరెక్కుతారు? మొదటి ఏడు డాక్టర్ గారు నిచ్చెన తెప్పించారు. రెండు మెట్లెక్కి దిగిపోయారు. ఎత్తు పడదు ఆయనకి. సంచులు చిరగలేదుగా, సరేలే అని కారెక్కారు. తర్వాతి ఏళ్ళలో కారే దిగలేదు."

నవ్వు నెమ్మదిగా ఆగిపోయింది. ఆమె పొద్దున ఆయన అన్న మాటలన్నీ అతనికి చెప్పింది. పింఛను సంగతి కూడా దాచలేదు. బెల్గాసెమ్ తల వంచుకుని విన్నాడు. చివరికి ఒకటే అడిగాడు.

"ఇంతకీ ఆ సంచులెందుకు తల్లీ?"

"నీకెవరూ చెప్పలేదా?"

"ముట్టుకోవద్దన్నారు. ఎందుకో చెప్పలేదు."

ఆమె ఇసకలో మూడు చెట్లు గీసింది. ఒకదానికి ఏనుగు, ఒకదానికి మనిషి, మూడోదానికి ఏమీ లేదు. ఏమీ చేయని చెట్టు ఎంత కాస్తుందో తెలిస్తేనే, చేసినదాని విలువ తెలుస్తుందని చెప్పింది. అతను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆ మూడో చెట్టునే చాలాసేపు చూశాడు.

"అయితే ఐదేళ్ళుగా మీ తక్కెడలో నేను రాయి వేస్తున్నానన్నమాట," అన్నాడు. "ఈ ముక్క ముందే చెబితే చెయ్యి పెట్టేవాణ్ణా? ఒక చెట్టుని వదిలేసి, దాని దగ్గరికెళ్ళి ఇట్టా ఇట్టా అని చెప్పుకునేవాణ్ణి. అదీ వినేది."

"ఇప్పుడేం చేద్దాం బాబాయ్?"

"నేను చేసింది నేను చేశాననే రాయి. అరవై ఆరు కాయలకి నాలుగని రాస్తే, మిగతా అరవై రెండూ ఎవరివి తల్లీ?"

*

ఆ సాయంత్రం రికార్డుల గదిలో దలీలా ఎదురుగా కూర్చుని, ఉమైమా సిరాతో రాసింది. పెద్ద పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినట్టు కలం పరిగెత్తింది. "తొమ్మిదో వరుస: వందకి అరవై ఆరు. ఇది పుప్పొడి తగలని వరుస కాదు. సంచి తొడిగిన మూడో రోజున బెల్గాసెమ్ గెలకొక పాయ చొప్పున పెట్టి, సంచి మళ్ళీ మూశాడు. సంచులు మొదలైన నాటి నుంచి ఐదు వసంతాలుగా ఇలాగే చేస్తున్నానని చెప్పాడు. కాబట్టి ఈ పరీక్షలో పోలిక వరుస లేదు."

దలీలా చదివి, పెన్సిలు చెవికి దోపుకుంది. "ఐదు వసంతాలుగా అన్న మాట ఉంచుతావా?"

"ఉంచకపోతే బాబాయ్ ఒక్కడే తప్పు చేసినవాడవుతాడక్కా."

"నీ కాగితం?"

ఉమైమా తడి సిరా మీద అద్దుడు కాగితం ఒత్తింది. దలీలా లేచి, ఆమె భుజం మీద జారిపోయిన శాలువా సర్ది మళ్ళీ కూర్చుంది.

*

గురువారం ఎనిమిదిన్నరకే డాక్టర్ మొన్సెఫ్ రికార్డుల గదికి వచ్చాడు. కొత్త కోటు, మెడకి టై. పేజీ నిలబడే చదివాడు. ఒక చోట కళ్ళు ఆగాయి, వెనక్కి వెళ్ళాయి, మళ్ళీ అక్కడికే వచ్చాయి.

"ముసలాడు కోతలు కోస్తున్నాడు."

ఆయన పేజీ వెనక్కి తిప్పి చూశాడు, మళ్ళీ ముందుకి తిప్పాడు.

"అరవై ఆరు ఉంచుకో," అన్నాడు. "ఈ ఏటిది ఏదో జరిగిందందాం. ఈ ఐదు వసంతాల వాక్యం ఒక్కటి తీసెయ్. ఇప్పుడే, నీ డాక్టరేటు కాగితం మీద సంతకం పెడతాను. నీ ఎదురుగానే." జేబులోంచి కలం తీసి మూత కూడా విప్పాడు.

"తీయనండీ."

"తీయకపోతే ఏమవుతుందో తెలుసా నీకు? నేను..." ఆయన ఆగాడు.

అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ దలీలా, నేల చూపులు చూస్తూ, చాలా మర్యాదగా అంది. "డాక్టర్ గారూ, నవంబరులో మీ ఇంటికి వచ్చే ఖర్జూరాలు తొమ్మిదో వరుసవేనండీ. నేనే పెట్టెల మీద చీటీలు అంటిస్తాను. మీ అమ్మగారు బాగున్నాయని కబురు కూడా పంపారు, పోయినేడు."

డాక్టర్ మొన్సెఫ్ కలం మూత పెట్టాలనుకుని రెండుసార్లు తప్పాడు. తర్వాత బయటికి నడిచాడు. ఉమైమా వెనకే పరిగెత్తింది. కొత్త బూట్లతో కాలవ దాటి, తడి మట్టి తొక్కుకుంటూ, ఆయన నేరుగా గోడ దగ్గరికి వెళ్ళాడు. నిచ్చెన మొన్న ఆనించిన చోటే ఉంది.

"పట్టుకో," అన్నాడు.

ఆమె రెండు చేతులతో నిచ్చెన అదిమి పట్టుకుంది. ఆయన మొదటి మెట్టెక్కాడు. రెండోది. మూడో మెట్టు మీద మోకాళ్ళు ఒణకడం ఆమె చేతులకి తెలిసింది. కళ్ళు మూసుకుని నాలుగోది ఎక్కాడు. టై నిచ్చెన మధ్యలో ఇరుక్కుంది.

పక్క చెట్టులో అలికిడైంది. బెల్గాసెమ్ ఎప్పుడొచ్చాడో, ఎప్పుడెక్కాడో, ఆయన తల కంటే కాస్త పైన మట్టల మధ్య కనిపించాడు.

"కిందకి చూడకండి డాక్టర్ గారూ. నా చెయ్యి చూడండి. ఇటు. టై వదిలేయండి, అది ఎక్కదు మీతో. ఆ, ఇంకొక్క మెట్టు. మా అమ్మాయి కొడుకు కూడా ఇట్టాగే ఎక్కుతాడు, వాడికి నాలుగేళ్ళు."

"నోరుముయ్యి బెల్గాసెమ్," అన్నాడు ఆయన, పళ్ళ బిగువున. కానీ ఇంకొక మెట్టెక్కాడు.

బెల్గాసెమ్ గెలలోంచి ఒక పాయ కోసి అందించాడు. డాక్టర్ మొన్సెఫ్ ఒక చేత్తో నిచ్చెనని కౌగిలించుకుని, రెండో చేత్తో పాయని తిప్పాడు. పెదవులు కదిలాయి. బొటనవేలు మొదట తడబడింది. తర్వాత కాయ మీద నుంచి మచ్చకి, మచ్చ మీద నుంచి కాయకి, ఆగకుండా నడిచింది. ఒకప్పుడు ఆ వేలికి ఈ పని బాగా తెలుసని ఉమైమాకి కింద నుంచే అర్థమైంది.

"ఇంకోటి," అన్నాడు.

అలా పది పాయలు చూశాడు. తొమ్మిదిన్నరకి కిందకి దిగినప్పుడు ఆయన కోటు వీపంతా తడిసిపోయి ఉంది. అతిథుల కారు అప్పటికే గేటు దగ్గర హారను కొడుతోంది.

పటం ముందు నిలబడి, ఆయన ఏనుగు గురించి పావుగంట మాట్లాడాడు. అతిథుల్లో తల నెరిసిన ఒకావిడ మూడో స్తంభం ఖాళీగా ఉందేమని అడిగింది. డాక్టర్ మొన్సెఫ్ నీళ్ళు తాగాడు.

"అది ఖాళీయేనండీ. పోలిక వరుస మా దగ్గర లేదు. ఈ ఏడు లేదు." ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఇంతకు ముందూ లేదు. అచ్చు వేసిన అంకెలు నేను వెనక్కి తీసుకోవాలి."

గదిలో కుర్చీ కిర్రుమంది. తక్కిన ఇద్దరు అతిథులూ ఫైళ్ళు మూశారు. ఏనుగు సంగతి ఇప్పుడు తేలదని, మీ వివరణ రాతపూర్వకంగా పంపండని ఒకాయన పొడిగా చెప్పాడు. నెరిసిన జుట్టావిడ మాత్రం రిజిస్టరు దగ్గరికి లాక్కుని చదువుతోంది.

"గెలకి ఒక్క పాయా? ఒక్కటేనా? ఎవరీ బెల్గాసెమ్?"

వరండాలో నిలబడ్డ బెల్గాసెమ్‌ని దలీలా లోపలికి తోసింది. ఆవిడ ఎదురుగా కుర్చీ చూపించినా అతను కూర్చోలేదు. పాయ ఎలా పెట్టాడో గాలిలో చూపిస్తుంటే ఆవిడ లేచి నిలబడింది. ఉమైమా మధ్యలో అందుకుంది. ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. ఆవిడ కలం సిరా అయిపోతే ఉమైమా తనది ఇచ్చింది.

*

సాయంత్రం ఆరింటికి, రోజూలాగే, దలీలా తాళంచెవి పట్టుకుని రికార్డుల గదికి వచ్చింది. డాక్టర్ మొన్సెఫ్ లోపల కూర్చుని ఉన్నాడు. కోటు కుర్చీకి వేలాడుతోంది. బల్ల మీద పాత రిజిస్టర్లు నాలుగూ తెరిచి ఉన్నాయి. మూడు, నాలుగు అని ఉన్న చోటల్లా ఎర్ర సిరాతో అడ్డంగా గీత, పక్కన ఆయన పొట్టి సంతకం. మధ్యాహ్నం ఉమైమాని పిలిచి ఆమె కాగితం వెనక్కిచ్చేశాడు. నా సంతకం ఇప్పుడు నీకు మేలు చెయ్యదమ్మా, ఆ అతిథుల్లో వచ్చిన పెద్దావిడ కూడా ప్రొఫెసరే, ఆవిడ దగ్గర పెట్టించుకో, అడిగితే కాదనదు అన్నాడు. ఆమె ఏదో అనబోతే, చెయ్యి ఊపాడు, వెళ్ళమని.

ఈ ఏటి రిజిస్టరు ఆయన ముందుంది. నూనె మరక పేజీకి తర్వాతి పేజీ. ఉమైమా వాక్యాల కింద ఆయన రాసింది దలీలా తలకిందులుగానే చదివింది. "సంచి ఎందుకో బెల్గాసెమ్‌కి నేను చెప్పలేదు. అతని తప్పు లేదు. బాధ్యత నాది."

కిటికీలోంచి మాటలు వినిపిస్తున్నాయి. తొమ్మిదో వరుస దగ్గర ఉమైమా, బెల్గాసెమ్ గట్టిగా పోట్లాడుకుంటున్నారు. వచ్చే వసంతంలో ఏ చెట్టుని నిజంగా ఖాళీగా వదిలేయాలో తేలలేదు.

"మూడోదాన్ని వదులుదాం బాబాయ్, అది అన్నిటికంటే ఆరోగ్యంగా ఉంది!"

"మూడోది ఒప్పుకోదు. దాని మనసు నాకు తెలుసు. ఒకటోదాన్ని అడుగుతాను, ఉండు. దానికి ఓపిక ఎక్కువ."

"ఎలా అడుగుతావు?"

"నీకెందుకు? నువ్వు అంకెలు చూసుకో."

ఉమైమా నవ్వు తోటంతా వినిపించింది. డాక్టర్ మొన్సెఫ్ తల ఎత్తలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, రెండు అరచేతుల్లో మొహం దాచుకున్నాడు. వరండా చివర ఇంటికి వెళ్ళే పనివాళ్ళు మాట్లాడుకుంటూ ఇటే వస్తున్నారు.

దలీలా తాళంచెవి జేబులో వేసుకుంది. ఫ్లాస్కులో మిగిలిన టీ గ్లాసులో వంపి, ఆయన మోచేతికి తగలనంత దూరంలో పెట్టింది. పనివాళ్ళు దగ్గరికి రాకముందే బయటికొచ్చి, తాళం వేయకుండా, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.